జేబులో బెరడు

డ్వేన్ చెయ్యి ముందు చొక్కా జేబులోకి వెళ్ళింది. ఆ తర్వాతే చెట్టు మీదికి వెళ్ళింది.

ఫెలీసా అతనికి ఇవతలి పక్క నిలబడి ఉంది కాబట్టి అది చూసింది. ఎర్లిండా అవతలి పక్క ఉంది. ఆవిడ చూడలేదు.

"ఇదిగో అమ్మా, ఇలా రండి," అన్నాడు డ్వేన్. పిన్యోన్ అనే ఆ పొట్టి పైన్ చెట్టు మొదట్లో పైకి లేచి ఉన్న బెరడు పెచ్చును వేలితో కదిపాడు. దాని వెనక ఏదో తడుముతున్నట్టు కాసేపు నటించాడు. తర్వాత గుప్పిట తెరిచి ఆవిడ కళ్ళ ముందు పెట్టాడు. అగ్గిపెట్టెంత బెరడు ముక్క. లోపలి వైపంతా సొరంగాలు, మేకుతో గీసినట్టు మెలికలు తిరిగి ఉన్నాయి. "బెరడు పురుగు. పైకి చూస్తే చెట్టు పచ్చగానే ఉంటుంది. లోపల ఇదీ పరిస్థితి."

ఎర్లిండా కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని వంగి చూసింది. వానలు మొహం చాటేసి రెండేళ్ళయింది. ఆ ఎత్తు నేల మీద ఏ ఇంటి ముందు ఇద్దరు నిలబడినా ఈ పురుగు మాటే. ఎక్కడో దక్షిణాన చెట్లు చచ్చి కొండలకి కొండలే ఎర్రబడిపోయాయని అందరూ విన్నవాళ్ళే.

ఫెలీసా చూస్తున్నది సొరంగాలను కాదు. ఆ ముక్క అంచున ఉన్న నారింజ రంగు చుక్కని. కొట్టాల్సిన చెట్లకి గుర్తు పెట్టే రంగు అది, తుంపర పడి అంటుకుంది. పోయిన వారం దిగువ రోడ్డులో ఒక పళ్ళ డాక్టరు ఇంట్లో డ్వేన్ అదే ముక్క చూపించాడు. అప్పుడు తను చేతిలోకి తీసుకుని మరీ చూసింది. ఆ చుక్క మీద బొటనవేలు కూడా రాసింది.

"లోపలి ఆకులు చూశారా, ఎలా పసుపెక్కాయో?" డ్వేన్ ఒక కొమ్మ వంచాడు. ఏటా ఎండలు ముదిరేసరికి లోపలి పాత ఆకు పండి రాలుతుంది. అది జబ్బు కాదు, చెట్టు చేసుకునే శుభ్రం. "ముందు వైపువి, ఈ పడమటి వరసా తీసేయిస్తే వెనక ఉన్నవాటినైనా కాపాడుకుంటారు. ఆలస్యం చేస్తే అన్నీ పోతాయి. నేను భయపెట్టడం లేదు. మా అమ్మ ఇల్లయినా ఇదే చెప్తాను."

ఎర్లిండా నడుం మీద చేతులు పెట్టుకుని వరస వెంబడి చూపు పోనిచ్చింది. పొట్టిగా, గుబురుగా, ఒక్కోటీ ఒక్కో వైపు ఒరిగి ఉన్న చెట్లు. పంట కాసిన ఏడాది ఆవిడ వాటి కింద దుప్పట్లు పరిచి గింజలు ఏరుకునేది. వేయించి, కాగితం సంచుల్లో పోసి, బస్సెక్కిన పిల్లలకి తలా ఒకటి ఇచ్చేది. ఆ రోడ్డు మీద స్కూలు బస్సు నడిపింది ఆవిడే. ఫెలీసా ఆ బస్సులోనే బడికెళ్ళింది.

"నువ్వు చెప్పవే ఫెలీసా," అంది ఎర్లిండా, డ్వేన్ వైపు చూడకుండా. "నువ్వు ఇక్కడ పుట్టినదానివి. నిజంగానే పోయాయా ఇవి?"

డ్వేన్ ముక్కను వేళ్ళ మధ్య తిప్పుతూ ఫెలీసా వైపు హాయిగా చూశాడు. చెట్లు కొట్టే తన ముఠాకి ఆమెని ఈ వసంతంలోనే పెద్దని చేశాడు. చలికాలం వచ్చేసరికి ఎవరిని పనిలో ఉంచుకోవాలో, ఎవరిని ఇంటికి పంపాలో చెప్పేది కూడా అతనే.

"డ్వేన్ చూశాడు కదా, మిస్ ఎర్లిండా," అంది ఫెలీసా.

ఆ మాటలో అబద్ధం ఒక్క ముక్క లేదు. అందుకేనేమో అది నోట్లోంచి పోయాక కూడా నాలుక మీద ఏదో జిడ్డులా మిగిలిపోయింది.

"సరే అయితే," అంది ఎర్లిండా. "కొట్టండి. కాఫీ పెడతాను."

డ్వేన్ ఆవిడ భుజం మీద చెయ్యి వేసి గట్టిగా ఒకసారి నొక్కాడు. చావింట్లో పలకరించినట్టు. తర్వాత చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, బెరడు ముక్కని జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాడు.

మొదటి చెట్టు గేటు పక్కది. ఫెలీసా చెట్టు వాలాల్సిన వైపు నోరులా గాటు కోసి, వెనక్కి వచ్చి రంపం పెట్టింది. మెల్కి తాడు లాగి పట్టుకున్నాడు. మెల్కి ఆమె కన్నా పదేళ్ళు పెద్ద, చెట్టెక్కడం మానేసి కింద పని చేస్తాడు. చెట్టు చిన్నగా నిట్టూర్చి, కొమ్మల మీద ఒక్కసారి ఎగిరి, పక్కకి పడుకుంది. బంక వాసన గుప్పుమంది.

ఫెలీసా రంపం ఆపి మోడు మీదికి వంగింది. పురుగు పట్టిన చెట్టు కోస్తే చెక్కలో నీలం కనిపిస్తుంది. పురుగు తన వెంట తెచ్చే బూజు అది, సిరా ఒలికినట్టు అంచు నుంచి లోపలికి పాకుతుంది. ఇక్కడ నీలం లేదు. వెన్నలా, తడిగా, మెరుస్తూ ఉంది చెక్క. చూస్తుండగానే అంచు చుట్టూ బంక చుక్కలు పొడుచుకొచ్చాయి. బాగా బతికి ఉన్న చెట్టుకే అంత బంక ఉంటుంది.

మెల్కి వచ్చి పక్కన నిలబడ్డాడు. బూటు కాలితో రంపపు పొట్టు ఎగదోసి మోడుని కప్పేశాడు.

"చూశావా?" అంది ఫెలీసా.

"ఏం చూడాలి?"

"మెల్కీ."

"నీకు ఈ వారం కళ్ళొచ్చాయి. నాకు ఎప్పుడో వచ్చాయి, మూసుకున్నాను," అన్నాడు అతను. "పైన ఎక్కేవాళ్ళకి చెక్క కనపడదు. కింద ఉండేవాళ్ళకి రోజూ కనపడుతుంది. పద, రెండోది చూడు."

రెండోది కూడా వెన్నలాగే ఉంది. మూడోది కూడా. ప్రతి మోడు దగ్గరా మెల్కి కాలు తనంతట తనే కదిలి పొట్టు ఎగదోసేది. సాయంత్రానికి ఆ బూటు చప్పుడు వినపడకుండా ఫెలీసా రంపం ఆపడమే మానేసింది. చేతులకి అంటిన బంక గ్యాసు నూనెతో తుడిచినా పోలేదు. ఇంట్లో రొట్టె తుంచబోతే వేళ్ళకి అతుక్కుంది. పళ్ళెం పక్కన పెట్టేసి నీళ్ళు తాగి పడుకుంది.

మర్నాడు ఇంటి కప్పు మీదికి ఒరిగిన పెద్దదాని పని. దాన్ని కింద నుంచి పడగొట్టడం కుదరదు, ఎక్కి ముక్కలు ముక్కలుగా దించాలి. ఫెలీసా నడుం బెల్టు బిగించుకుని ఎక్కింది. పైన గాలి వేడిగా ఉంది. ఒక్కో కొమ్మకి తాడు కట్టి, కోసి, వదిలితే మెల్కి కింద నుంచి మెల్లగా దించుకునేవాడు. కొమ్మల చివర్లలో పచ్చి కాయలు గుత్తులుగా ఉన్నాయి. వచ్చే శరత్తుకి విచ్చుకునేవి. ఇంత కరువులో కూడా కాపు పట్టింది. ఆమె ఒక గుత్తి మీద చెయ్యి వేసి, తీసేసి, కొమ్మ కోసింది.

కింద నుంచి ఎర్లిండా కేకేసింది. "జాగ్రత్తగా దిగు. బస్సులో నీ సీట్లో నువ్వు కుదురుగా ఎప్పుడు కూర్చున్నావు గనక. కిటికీలోంచి సగం బయటే ఉండేదానివి."

"నన్నొక్కదాన్నే అంటారేంటి, అందరూ అలాగే ఉండేవాళ్ళు."

"అందరినీ అన్నాను. విన్నది నువ్వొక్కదానివే. అందుకే నీ తల ఇంకా మెడ మీద ఉంది."

మెల్కి నవ్వాడు. ఫెలీసా నవ్వలేకపోయింది. తాడు ముడి చూస్తున్నట్టు మొహం పక్కకి తిప్పుకుంది.

"పక్కింటి గ్రెంజర్‌కి కూడా చెప్పాను," అంటోంది ఎర్లిండా. "పాపం, ఆయన కొత్తగా వచ్చాడు, ఈ నేల సంగతి తెలీదు. మీ డ్వేన్‌ని పిలిపించుకుని చూపించుకో, నాకు పట్టిందంటే నీకూ పట్టే ఉంటుంది అన్నాను. డ్వేన్ ఎల్లుండి వస్తానన్నాడట."

పైన ఉన్న ఫెలీసాకి కాళ్ళ కింద చెట్టు కదిలినట్టయింది. ఎర్లిండా చెప్తే ఆ రోడ్డంతా వింటుంది. పిల్లల్ని క్షేమంగా ఇంటికి చేర్చిన మనిషి మాట. డ్వేన్ ఆ సంగతి తెలుసుకునే ఈ రోడ్డులో ముందుగా ఈ ఇంటి గేటే తట్టి ఉంటాడు.

మధ్యాహ్నం దాటినా కొమ్మల్ని పొడి చేసే యంత్రం రాలేదు. కొట్టిన కొమ్మలన్నీ వెనక వరస చెట్ల పక్కనే, కంచె పొడవునా, నడుమెత్తు కుప్పగా పడి ఉన్నాయి. ఫెలీసా డ్వేన్‌కి ఫోన్ చేసింది.

"యంత్రం ఇవాళ పంపాలి. ఈ ఎండలో పచ్చి కొమ్మ కుప్ప ఇలా ఉంచకూడదు."

"యంత్రం వేరేచోట ఉంది. ఇంకా పెద్ద పని."

"ఆ వాసనకి నిజంగానే వస్తాయి, డ్వేన్."

"ఏవి?" అన్నాడు అతను. అవతల నవ్వుతున్నట్టు వినిపించింది. 'నిజంగానే' అన్న మాట ఇద్దరూ విన్నారు. "రేపు చూద్దాంలే," అని పెట్టేశాడు.

ఆ రేపు కూడా రాలేదు.

గురువారం పొద్దున ఫెలీసా కుప్ప దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని ఒక కొమ్మ తిప్పింది. బెరడు పగుళ్ళలో సన్నటి ఎర్రటి పొడి, పురుగు తొలుస్తూ బయటికి తోసేది. వేలితో తాకితే ఎండుమిరప పొడిలా వేలికి అంటింది. ఇంకో కొమ్మ తిప్పింది. దాని మీదా అంతే. లేచి వెనక వరసలో మొదటి చెట్టు దగ్గరికి నడిచింది. డ్వేన్ కాపాడదామన్న చెట్టు. దాని మొదలు చుట్టూ, ఆకు రాలిన నేల మీద, గుప్పెడు ఎర్రపొడి.

మెల్కి వెనక నుంచి తొంగి చూసి, బూటు కదిలించబోయాడు.

"ఆ కాలు ఇటు తెచ్చావో," అంది ఫెలీసా.

మెల్కి కాలు వెనక్కి తీసుకున్నాడు. ఆమె మొహం చూసి, టోపీ తీసి, బండి వైపు వెళ్ళిపోయాడు.

ఎర్లిండా మధ్యాహ్నం వరండాలో బల్ల మీద రొట్టెలు, చిక్కుడు గింజల కూర, పచ్చి మిరపకాయల పులుసు పెట్టింది. పళ్ళెంలో ఆవిడే వడ్డించి ఫెలీసా చేతికిచ్చింది. మెల్కి తనది తీసుకుని బండిలోకి వెళ్ళాడు. "ఈ మూడు రోజులూ నువ్వు సరిగ్గా తినలేదు," అంది ఎర్లిండా. "నా వంట బాగాలేదా, లేకపోతే ఇంకేమైనానా?"

ఫెలీసా పళ్ళెం చేత్తో పట్టుకుని నిలబడే ఉంది.

"మిస్ ఎర్లిండా. ఆ చెట్లకి పురుగు లేదు."

ఎర్లిండా గరిటె గిన్నెలో పెట్టింది.

"డ్వేన్ చూపించిన ముక్క అతని జేబులోది. ప్రతి ఇంట్లోనూ అదే చూపిస్తాడు. మీ చెట్లు బాగానే ఉన్నాయి. కోశాక కూడా చూశాను. ఒక్కదానిలో కూడా నీలం లేదు. ఇప్పుడు మాత్రం వచ్చింది. ఆ కుప్ప వాసనకి వచ్చింది. వెనక చెట్లకి పట్టింది."

గాలికి వరండా తలుపు కొట్టుకుంటోంది. ఎర్లిండా వెళ్ళి దానికి గొళ్ళెం పెట్టి వచ్చింది. కూర్చోలేదు.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే."

"కొట్టకముందా, కొట్టాకా?"

"ముందే. జేబులోంచి తీస్తుంటే చూశాను."

"నేను నిన్ను అడిగినప్పుడు నీకు తెలుసు."

"తెలుసు."

ఎర్లిండా ఆమెను పరీక్షగా చూసింది. కోపం కాదు అది. కోపమయితే ఫెలీసా ఓర్చుకునేది. తినే పదార్థంలో ఏదో కదలడం చూసినప్పుడు పెట్టే మొహం పెట్టింది ఆవిడ.

"వాడు అబద్ధం చెప్పాడు," అంది ఎర్లిండా మెల్లగా. "వాడు అమ్ముకునేవాడు. అలాంటివాళ్ళని నా జన్మలో వందమందిని చూశాను. వాడి మాట మీద నేను ఒక్క చెట్టు కూడా కొట్టించేదాన్ని కాదు. నిన్ను అడిగాను కదా. నువ్వు నా మొహం చూసి మాట తిప్పావు. నీ మాట మీద కొట్టించాను."

"నాకు ఈ పని పోతే..."

"నాకు చెప్పకు. నువ్వెందుకు చెప్పలేదో నాకు చెప్పకు. అది విని నేనేం చేసుకోను?"

చెయ్యి చాచి పళ్ళెం ఫెలీసా చేతిలోంచి తీసుకుంది. లాక్కోలేదు, మామూలుగా తీసుకుంది. మెట్లు దిగి, కోళ్ళ దొడ్డి దగ్గరికి నడిచి, రొట్టె, కూర, అన్నీ వేలితో తుడిచి మరీ లోపల పారేసింది. కోళ్ళు పరిగెత్తుకొచ్చాయి. ఆవిడ ఖాళీ పళ్ళెం పట్టుకుని వెనక గుమ్మంలోంచి ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఫెలీసా వరండాలో చాలాసేపు అలాగే నిలబడింది. చేతులు ఇంకా పళ్ళెం పట్టుకున్నట్టే ఉన్నాయి. అప్పుడే కంచె అవతల డ్వేన్ గొంతు వినిపించింది.

"మా అమ్మ ఇల్లయినా ఇదే చెప్తాను, సార్."

ఆమె కంచె దాటింది. గ్రెంజర్ తెల్ల టోపీ పెట్టుకుని, చేతిలో నీళ్ళ సీసాతో, భయం భయంగా తన చెట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. డ్వేన్ అరచేతిలో ముక్క ఉంది. నారింజ చుక్క ఎండలో మెరుస్తోంది.

"ఆ ముక్క మీ చెట్టుది కాదు," అంది ఫెలీసా. "అతని జేబులోది. మిస్ ఎర్లిండా ఇంట్లోనూ ఇదే చూపించాడు. దిగువ డాక్టరు ఇంట్లోనూ ఇదే. అడగండి."

గ్రెంజర్ ఆమె వైపూ, డ్వేన్ వైపూ మార్చి మార్చి చూశాడు.

డ్వేన్ తడబడలేదు. ముక్కను పైకెత్తి పట్టుకున్నాడు. "అవును, నాదే. నమూనా. పురుగు పని ఎలా ఉంటుందో జనానికి తెలియాలి కదా. మీ చెట్టుదని నేను అన్నానా, సార్?"

గ్రెంజర్ ఆలోచించాడు. "అనలేదనుకుంటాను," అన్నాడు చివరికి. "కానీ మరి ఇదేమిటి?"

అతను వేలు చూపించిన చోట, చెట్టు మొదట్లో, ఎర్రటి పొడి ఉంది. కంచెకి ఆనుకుని ఉన్న చెట్టది. కంచెకి అవతలే కొమ్మల కుప్ప.

డ్వేన్ వంగి చూశాడు. ఒక్క క్షణం అతనికే ఆశ్చర్యమేసింది. అది ఫెలీసా స్పష్టంగా చూసింది. తర్వాత ఆ మొహం మీద నవ్వు, నూనె నీళ్ళ మీద పరుచుకున్నట్టు, మెల్లగా పరుచుకుంది.

"ఇది ఆ కుప్ప వల్ల వచ్చింది," అంది ఫెలీసా. "ఇతను యంత్రం పంపలేదు. మొన్నటి దాకా ఇక్కడ ఒక్క పురుగు లేదు."

"కానీ ఇప్పుడు ఉందిగా?" అన్నాడు గ్రెంజర్.

"ఉంది."

"ఈ చెట్టు కొట్టాల్సిందేనా?"

ఆమె దగ్గరికెళ్ళి బెరడు మీద చెయ్యి ఆనించి చూసింది. తలెత్తి కొమ్మలు చూసింది. అబద్ధం చెప్పాలనిపించింది. కొట్టక్కర్లేదు అని చెప్పి డ్వేన్ నవ్వు ఆపాలనిపించింది. "ఇది కొట్టాల్సిందే," అంది.

"మరి అయితే ఆయన చెప్పింది నిజమే కదమ్మా," అన్నాడు గ్రెంజర్, ఆమె మీద జాలిపడుతున్నట్టు. "మీ ఇద్దరి మధ్య ఏముందో నాకు తెలీదు. నన్ను మధ్యలోకి లాగకండి."

డ్వేన్ ఆమెని బండి దాకా నడిపించుకుపోయాడు. అతనికి కోపం లేదు. అదే ఆమెకి భరించరానిదిగా ఉంది. భుజం మీద చెయ్యి వెయ్యబోతే తప్పుకుంది.

"నువ్వు పనిమంతురాలివి, ఫెలీసా. అందుకే ఇది నేను మనసులో పెట్టుకోను. ఎండ దెబ్బ అనుకుంటాను. రెండు రోజులు ఇంట్లో ఉండు. సోమవారం గ్రెంజర్ దగ్గర మొదలెడదాం. ఈ రోడ్డు మీద ఇంక చాలా పని ఉంటుంది మనకి. చూడు, నేను ఊరికే చెప్పినా చివరికి నిజమే అయింది."

తను ఏదో గొప్ప వరం పొందినట్టు ఆ మాట అన్నాడు. ఫెలీసా హెల్మెట్ తీసింది. నడుం బెల్టు విప్పింది. రెండూ బండి వెనక పెట్టింది. మెల్కి బండిలో కూర్చుని పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా చూస్తున్నాడు. అతను తల తిప్పలేదు. ఆమె పిలవలేదు. ఎర్రమట్టి రోడ్డు మీద ఇంటిదాకా నడిచి వెళ్ళింది.

శనివారం ఫెలీసా తన మామయ్య పాత ట్రక్కు, దాని వెనక పశువుల ట్రైలరు తీసుకుని వచ్చింది. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ పట్టాలు కొన్ని, తన సొంత రంపం. గేటు తెరిచే ఉంది. ఎర్లిండా వరండాలోకి వచ్చి చూసింది. పొమ్మనలేదు. లోపలికి వెళ్ళింది.

ఫెలీసా కుప్ప ఎత్తడం మొదలుపెట్టింది. కొమ్మల్ని ట్రైలర్‌లో తొక్కి తొక్కి నింపి, పైన పట్టా బిగించి, పురుగు ఒక్కటి కూడా బయటికి రాకుండా అంచులకి తాడు కట్టింది. ఊరి చెత్త గుంటలో పారేసి, ఎండకి పురుగు ఉడికి చచ్చేలా పట్టా కప్పి మళ్ళీ వచ్చింది. పొద్దెక్కేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. బంక, చెమట, ఎర్రపొడి కలిసి చేతుల మీద ఒక పొర కట్టాయి. గోకితే ఊడదు, కడిగితే పోదు. మూడో విడతకి వచ్చేసరికి ఎర్లిండా వెనక వరస దగ్గర నిలబడి ఉంది. గొడుగు లేదు, టోపీ లేదు.

"వీటి సంగతేంటి?"

"కొన్ని పోయాయి. కొన్ని ఉన్నాయి."

"చూపించు. మాట వద్దు."

ఫెలీసా కత్తి తీసి మొదటి చెట్టుకి బెరడు గీసి లేపింది. లోపల సొరంగం, సొరంగంలో నువ్వు గింజంత నల్ల పురుగు. ఎర్లిండా దాన్ని వేలితో తీసి అరచేతిలో పెట్టుకుని చూసి, గోటితో నొక్కేసింది. గోరు పావడాకి తుడుచుకుంది.

"కొట్టు."

రెండో చెట్టు దగ్గర కూడా అంతే. ఫెలీసా గీస్తుంది, ఎర్లిండా వేలు పెట్టి తడుముతుంది, వేలు వాసన చూస్తుంది. మూడో చెట్టు కూడా. ఒక్కోసారి ఫెలీసా చెప్పబోతే ఎర్లిండా చెయ్యెత్తి ఆపేసేది. రంపం మోత మధ్య ఇద్దరూ మాట్లాడకుండానే మధ్యాహ్నం అయింది. పడిన చెట్టు పడినట్టే ముక్కలై, పట్టా కింద దాక్కుంది. ఎర్లిండా కూడా కొమ్మలు లాగింది. ఫెలీసా వద్దనలేదు.

చివరికి వంటగది కిటికీ ముందున్న చెట్టు మిగిలింది. కుప్పకి అన్నిటికన్నా దూరంగా, మిగతా వరసకి విడిగా ఉంది. వంకర మొదలు, కిటికీ మీదికి వంగిన కొమ్మ. ఎర్లిండా పాత్రలు కడుక్కునేటప్పుడు ఎదురుగా ఉండే చెట్టు ఇది.

ఫెలీసా మోకాళ్ళ మీద కూర్చుని మొదలు చుట్టూ నేల వెతికింది. ఆకు తప్పించి, మట్టి తీసి అరచేతిలో వేసుకుని చూసింది. నిచ్చెన వేసుకుని కొమ్మ సందులు చూసింది. పొడి లేదు. బంక కారిన గుర్తు లేదు. దిగి వచ్చింది.

"ఇది బాగుంది," అంది.

"చూపించు," అంది ఎర్లిండా.

ఫెలీసా కత్తి తీయలేదు. "లోపల లేదని చూపించాలంటే బెరడు గీయాలి. ఒక్క చోట గీస్తే సరిపోదు. గీసిన చోట బంక వస్తుంది. ఆ వాసనకి మిగిలిన పురుగు ఇక్కడికే వస్తుంది."

ఎర్లిండా చెట్టు చుట్టూ ఒకసారి తిరిగింది. బెరడు మీద అరచెయ్యి ఆనించింది, తీసింది. మళ్ళీ ఫెలీసా మొహం చూసింది. అడగాలా వద్దా అని చూస్తోందని ఫెలీసాకి అర్థమైంది. అడిగితే ఈసారి ఏం చెప్పాలో ఆమెకి తెలుసు. అడగమని మనసులో బతిమాలుకుంది.

ఎర్లిండా అడగలేదు.

"గీయకు," అంది. "నిన్ను నమ్మి కాదు."

"తెలుసు, మిస్ ఎర్లిండా."

"నీళ్ళు పెట్టాలా?"

"బాగా పెట్టాలి. మొదలు దగ్గర కాదు, కొమ్మ చివర ఎక్కడిదాకా ఉందో అక్కడ. నేల లోతుగా తడవాలి. వానలు పడేదాకా వారానికోసారి."

ఎర్లిండా ఇంటి మూలకి వెళ్ళి కొళాయి తిప్పి, నీళ్ళ పైపు లాక్కుంటూ వచ్చింది. అది బరువుగా ఉంది. కట్టెల గుట్ట దగ్గర మెలిక పడి ఆగిపోయింది. పైపు చివర నీళ్ళు రాలేదు. ఆవిడ లాగింది, రాలేదు. మళ్ళీ లాగింది. ఫెలీసా రెండడుగులు వేసి వంగి ఆ మెలిక మీద చెయ్యి పెట్టబోయింది.

"ముట్టుకోకు," అంది ఎర్లిండా.

గొంతు పెంచలేదు. ఫెలీసా చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎర్లిండా పైపు కింద పెట్టి, వెనక్కి నడిచి, వంగి, ఒక చేత్తో నడుం పట్టుకుని రెండో చేత్తో మెలిక విప్పింది. మళ్ళీ నడుచుకుంటూ వచ్చి పైపు అందుకుంది. నీళ్ళు దుమ్ములో పడి మొదట ఇంకలేదు. గుండ్లు గుండ్లుగా దొర్లాయి, తర్వాత నేల మెల్లగా నల్లబడింది. ఆవిడ పైపు చివర వేలు పెట్టి, కొమ్మల అంచు వెంబడి కొద్దికొద్దిగా జరుగుతూ పెట్టింది.

ఫెలీసా పట్టా అంచులు మరోసారి బిగించి చూసుకుంది. ట్రక్కు ఎక్కి, నెమ్మదిగా, కొమ్మ ఒక్కటి కూడా జారకుండా, గేటు దాటించింది. దిగి గేటు మూస్తూ ఒకసారి చూసింది. ఎర్లిండా ఇటు వీపు పెట్టి నీళ్ళు పెడుతూనే ఉంది.